ఎండాకాలంలో క్యూబ్ మెషిన్ ఐస్ తక్కువ ఇస్తోంది, గ్యాస్ ఎక్కించాలా?

జ్యూస్ షాపులో క్యూబ్ మెషిన్ ఏప్రిల్ నుంచి సగం ఐసే ఇస్తోందని, క్యూబ్స్ తెల్లగా గుల్లగా వస్తున్నాయని, మెకానిక్ గ్యాస్ ఎక్కించాలంటున్నాడని రాశారు. విజయవాడలో మాది టిఫిన్లు, జ్యూస్‌లు రెండూ ఉన్న షాపు. మాకూ ఇదే మాట చెప్పారు. తొందరపడకండి. మెషిన్‌ని చల్లబరిచే ఈ గ్యాస్ పెట్రోల్‌లా వాడేకొద్దీ అయిపోయేది కాదు, లీకుంటేనే తగ్గుతుంది. ముందు లీకు ఎక్కడో చూపించమనండి.

మా దగ్గర అసలు కారణం కండెన్సర్. నీళ్లలోంచి లాగిన వేడిని బయటికి వదిలేది అదే. మెషిన్ దోసెల పెనం పక్కన ఉండటంతో నూనె ఆవిరికి దుమ్ము అంటుకుని ఫిన్స్ (కండెన్సర్ మీది పల్చటి రేకులు) మధ్య జిగురులా పట్టేసింది. కరెంటు తీసేసి, ఫిన్స్ వంగకుండా మెత్తటి బ్రష్‌తో శుభ్రం చేయించి, మెషిన్‌ని గాలి ఆడే చోటికి మార్చాం. గ్యాస్ ముట్టుకోకుండానే ఐస్ మళ్లీ బాగా రావడం మొదలైంది.

అయినా మే నెలలో కొంత తగ్గుతుంది, అది జబ్బు కాదు. బ్రోచర్‌లో రాసే కిలోలు చాలావరకు గది 21 డిగ్రీలు, నీళ్లు 10 డిగ్రీలు ఉన్నప్పటి లెక్క. కిలో నీళ్లు గడ్డకట్టాలంటే 80 కిలోక్యాలరీల వేడి తీయాలి. అంతకంటే ముందు వాటిని సున్నాకి దించాలి కదా, 10 డిగ్రీల నీళ్లయితే దానికి ఇంకో 10 చాలు. మేడ మీద ట్యాంకులో కాగి 40 డిగ్రీలకు చేరిన నీళ్లకైతే ఇంకో 40 కావాలి. 90 బదులు 120, అంటే మూడో వంతు పని ఎక్కువ. ట్యాంకుకీ పైపుకీ నీడ కల్పించండి.

ఇక తెల్లటి క్యూబ్స్. చల్లటి ప్లేటు మీద నీళ్లు పారుతుంటే మంచినీరే ముందు గడ్డకడుతుంది, లవణాలు కింద ట్రేలోకి పోతాయి. అందుకే ఐస్ అద్దంలా ఉంటుంది. తర్వాత వాల్వు తెరుచుకుని కంప్రెసర్ నుంచి వేడి గ్యాస్ ప్లేటు వెనక్కి వస్తుంది, క్యూబ్స్ జారిపడతాయి. బోరు నీళ్ల సున్నం ప్లేటు మీదికి నీళ్లు వదిలే పైపు రంధ్రాలను మూసేస్తే నీళ్లు సరిగా పారవు, క్యూబ్స్ గుల్లగా వస్తాయి. (నీళ్లలో కడ్డీలు ముంచే బుల్లెట్ ఐస్ మెషిన్‌లో మాత్రం తెలుపు మామూలే.)

సున్నం తీయడానికి కంపెనీ చెప్పిన ద్రావణమే వాడండి. బాత్రూమ్ యాసిడ్ పోస్తే ప్లేటు మీది నికెల్ పూత లేచిపోతుంది. సున్నం పోయినంత మాత్రాన పాకుడు పోదు, బాగా కడిగాక శానిటైజర్‌తో విడిగా శుభ్రం చేయాలి. ఈ రెండూ ఎట్టి పరిస్థితుల్లోనూ కలపకండి. ద్రావణంలోని యాసిడ్, శానిటైజర్‌లో ఉండే బ్లీచింగ్ లాంటిది కలిస్తే క్లోరిన్ విషవాయువు వస్తుంది. శుభ్రం చేశాక వచ్చే మొదటి ఐస్ పారబోయండి, జనం నోట్లోకి వెళ్లేది కదా.

ఇవన్నీ అయ్యాక కూడా ప్లేటు ఒక పక్కే గడ్డకట్టి రెండో పక్క తడిగా ఉండిపోతుంటే గ్యాస్ అనుమానం బలమైనదే. అప్పుడు లీకు అతికించి, వాక్యూమ్ పెట్టి (లోపలి గాలి, తేమ లాగేసి), మెషిన్‌కి అంటించిన వివరాల పలక మీద రాసిన గ్రాముల ప్రకారం తూకం వేసి నింపే మెకానిక్‌నే పిలవండి.