అడ్వాన్స్ పుస్తకం ఎవరి దగ్గర ఉందో అడుగు

మత్తికెరె, బెంగళూరు
శనివారం రాత్రి

పాపా,

మీ కంపెనీలో నిన్ను కొత్త పనికి పెట్టారని నిన్న మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. చెత్త ఎత్తే కాంట్రాక్టర్ల దగ్గర, సరుకు ఇచ్చేవాళ్ల దగ్గర, కొనేవాళ్ల దగ్గర ఎక్కడా వెట్టిచాకిరి లేకుండా చూడటం నీ బాధ్యతట. చెప్తుంటే వాడి గొంతు ఉబ్బిపోయింది. నాకూ సంతోషమే. కానీ రాత్రి నిద్ర పట్టలేదు. ఈ ఊళ్లో ఆ పని చుట్టూ ముప్పై ఏళ్లు తిరిగినవాణ్ణి. ఫోన్‌లో తెమిలే మాటలు కావని కాగితం తీసుకున్నాను.

నువ్వు పంపిన ప్రశ్నల పత్రం చదివాను. 'మీ సంస్థలో బలవంతపు చాకిరి ఉందా? ఉంది / లేదు' అన్నది మొదటి ప్రశ్న. పాపా, దీనికి 'ఉంది' అని టిక్ పెట్టే కాంట్రాక్టర్ ఇంకా పుట్టలేదు. అందరూ అబద్ధం చెప్తారని కాదు, తాము చేస్తున్నది అదేనని చాలామందికి తోచదు. నాకూ తోచలేదు.

వయసు రుజువులు, బ్యాంకులో జీతం, పీఎఫ్, ఈఎస్‌ఐ చలాన్లు నువ్వు ఎలాగూ చూస్తావు. చలాన్‌లో మొత్తం ఒక్కటే చూసి వదిలేయకు. అందులోని పేర్లు, మస్టర్‌లోని (హాజరు పుస్తకంలోని) పేర్లు కలవాలి.

ఇప్పుడు అసలు సంగతి. ఇది మీ నాన్నకు కూడా తెలియదు.

2004లో నేను ఒక చెత్త కాంట్రాక్టర్ దగ్గర మస్టర్, అడ్వాన్స్ పుస్తకం రాసేవాణ్ణి. మన మడకశిర పక్క పల్లె నుంచి ఒక జంట వచ్చింది. అతను లారీ మీద లోడర్, ఆమె వీధులు ఊడ్చేది. అతని కాలు ఆపరేషన్‌కి ఆరు వేలు అడ్వాన్స్ ఇప్పించాను. నేనే మాట్లాడి ఇప్పించాను, మనవాళ్లు కదా అని. వాళ్ల రేషన్ కార్డు కూడా నేనే అడిగి తీసుకున్నాను. గుడిసెలో వానకు తడిసిపోతుంది, నా బీరువాలో భద్రంగా ఉంటుందని చెప్పాను. ఆమె రెండు చేతులూ జోడించింది. నన్ను అన్నా అని పిలిచేది.

వారం వారం కోత పడేది. పండక్కి ఐదు వందలు, గుడిసె కూలితే వెయ్యి, ఒక పూట రాకపోతే రెండు రోజుల కూలి. రెండేళ్లు తిరిగేసరికి బాకీ ఏడు వేల నాలుగు వందలు. తీసుకున్నదానికంటే ఎక్కువ. ప్రతి నెలా ఆ మొత్తం నా చేత్తోనే వేశాను. కూడిక తప్పు పోలేదని చూసుకున్నానే గానీ, పనిచేసే కొద్దీ అప్పు పెరగడం ఏమిటని ఒక్కసారి కూడా అనుకోలేదు.

ఒక రోజు పొద్దున్నే ఆఫీసు ఫోన్‌కి కబురు వచ్చింది, ఆమె తల్లి పోయిందని. ఆమె చీపురు గోడకి ఆనించి నా బల్ల ముందుకొచ్చి, "అన్నా, ఊరికి పోవాల, కార్డు ఇస్తావా" అంది. నేను ఇవ్వను అనలేదు. గదమాయించలేదు. "మేస్త్రీ ఒప్పుకోడమ్మా, లెక్క కొంచెం తేలినాక పోదువులే" అన్నాను. గేటుకి తాళం లేదు. యశవంతపుర స్టేషన్ నడిచి వెళ్లేంత దూరం. హిందూపురం బండి ఎక్కితే మధ్యాహ్నానికి తల్లి దగ్గర ఉండేది. ఆమె కాసేపు నిలబడింది. తర్వాత చీపురు తీసుకుని పనికి వెళ్లిపోయింది. ఆ రోజు ఆమె గడిలో నేను 'హాజరు' అని రాశాను.

మీ తాత పదేళ్ల వయసులో రెండు బస్తాల రాగుల అప్పుకి ఒక పెద్దరైతు ఇంట్లో జీతానికి ఉన్నాడని నీకు తెలుసు. ఉగాదికి కుదిరితే మళ్లీ ఉగాదికి లెక్క. ఏటా ఆ ఆసామి అనే మాట ఒకటేనని ఆయన ఎన్నిసార్లు చెప్పాడో. "లెక్క తేలినాక పోదువులే." మీ తాతకి పుట్టిన కొడుకుని నేను. అదే మాట నా నోట్లోంచి వచ్చింది, పాపా, అంత మెత్తగా.

పదకొండో రోజుకి గానీ నాకు మనసు రాలేదు. కార్డు తీసి ఆమె చేతిలో పెట్టాను. అప్పటికి ఊళ్లో అన్నీ అయిపోయాయి. వెళ్లింది, నాలుగు రోజులకి తిరిగొచ్చింది, మరి పని కావాలి కదా. కానీ ఆ తర్వాత నన్ను సార్ అనే పిలిచింది. మళ్లీ అన్నా అనలేదు.

యూనియన్ తరఫున కేసులు చూసే ఒక లాయర్‌కి తర్వాత ఇదంతా చెప్పుకున్నాను. ఆయన పుస్తకం తెరిచి చూపించాడు. వెట్టిచాకిరి రద్దు చట్టం 1976లో వచ్చింది, 1975 అక్టోబర్ 25 నుంచే అమలైనట్టు లెక్క. అలాంటి అప్పు ఇక తీర్చక్కర్లేదు, చట్టం దృష్టిలో అది చెల్లిపోయినట్టే. ఇది వెట్టి అప్పు కాదని రుజువు చేసుకోవలసింది అప్పిచ్చినవాడు, కూలిమనిషి కాదు. ఇంకో సంగతి చెప్పాడు. ఢిల్లీలో ఏషియాడ్ ఆటల కోసం చేసిన కట్టడాల పనుల కేసులో 1982లో సుప్రీంకోర్టు, కనీస వేతనం కంటే తక్కువకి పని చేయించుకోవడం కూడా రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన బలవంతపు చాకిరే అంది. అంటే గొలుసులు, కొరడాలు వెతికితే నీకు ఏమీ కనపడదు. నా బీరువాలాంటివి వెతుకు.

అందుకే నీ మొదటి ప్రశ్న కొట్టేయి. మనిషిని అడుగు. రేపు ఊరికి వెళ్లాలంటే ఎవరిని అడగాలి? అడ్వాన్స్ ఎంత తీసుకున్నావు, ఇప్పుడెంత ఉంది? ఆ పుస్తకం ఎవరి దగ్గరుంది, నీకెప్పుడైనా చూపించారా? ఆధార్, ఏటీఎం కార్డు ఎక్కడున్నాయి? పని మానేస్తే ఉండే షెడ్డు కూడా పోతుందా? ఇవన్నీ మేస్త్రీ పక్కన ఉండగా అడగొద్దు. ఆఫీసుకి పిలిపించి అసలే అడగొద్దు. వాళ్లు పడుకునే చోటికి వెళ్లు, ఆడవాళ్లతో విడిగా కూర్చో. మన భాష మాట్లాడేవాడు కదా అని మధ్యవర్తిని నమ్మొద్దు. ఆమె నన్ను అలాగే నమ్మింది.

తూబరహళ్లి, వర్తూరు వైపు రేకుల షెడ్లలో చెత్త వేరుచేసేవాళ్లలో చాలామంది బెంగాలీ మాట్లాడతారు. వాళ్ల దగ్గరికి ఆ భాష వచ్చిన మనిషిని తీసుకెళ్లు, గోడౌన్ యజమాని పంపిన మనిషి కాకూడదు. ముందే గుర్తింపు కార్డులు చూపించమని అడిగితే భయపడి నోరు విప్పరు. 2020 జనవరిలో కరియమ్మన అగ్రహారలో ఏం జరిగిందో తెలుసు కదా, బంగ్లాదేశీలన్న పుకారు మీద వలస కూలీల గుడిసెలు కూల్చేశారు. ఆ భయం ఇంకా పోలేదు. షెడ్డు వేసుకోవడానికి జాగా ఇచ్చినవాడే అడ్వాన్స్ ఇచ్చినవాడై, ఏరిన సరుకంతా తనకే, తను చెప్పిన రేటుకే అమ్మాలంటే, అక్కడ ఎక్కువసేపు కూర్చో.

మీ లారీలతోనే చెత్త చేతులు మారే గొలుసు అయిపోదు. 2017 తర్వాత వీధులు ఊడ్చేవాళ్లకు కార్పొరేషన్ నేరుగా జీతం ఇస్తోంది, 2025 మే డే నాడు వేలమందికి పర్మినెంట్ ఆర్డర్లు ఇచ్చారు. ఎన్నేళ్ల పోరాటమో అది. అయితే ఆటో టిప్పర్ల మీద తిరిగేవాళ్లు చాలాకాలం కాంట్రాక్టర్ల కిందే ఉండిపోయారు. మీరు ఏరిన ప్లాస్టిక్ నాయండహళ్లికో, జాలీ మొహల్లాకో పోతుంది. అక్కడ కడిగేవాళ్లు, తరిగేవాళ్లు కూడా నీ లెక్కలోకి వస్తారు. మీరు కొనే గ్లౌజులూ అంతే. మలేషియాలో రబ్బరు గ్లౌజులు చేసే ఒక పెద్ద కంపెనీ సరుకుని 2020లో అమెరికా ఆపేసింది, నేపాల్, బంగ్లాదేశ్ కూలీలు ఏజెంట్లకి కట్టిన అప్పుల్లో ఇరుక్కున్నారని.

లెక్కల మనిషిని కాబట్టి ఇంకొకటి చెప్పాలి. కాంట్రాక్టర్ కోట్ చేసిన రేటు చూసి మీవాళ్లు 'తక్కువకే వచ్చాడు' అని మురిసిపోతారు. అప్పుడు నువ్వు కాగితం తీసుకో. కనీస వేతనం రాయి. దానిమీద యజమాని వాటా పీఎఫ్, దాని ఖర్చులతో కలిపి 13 శాతం, ఈఎస్‌ఐ 3.25 శాతం, బోనస్ 8.33 శాతం వేయి. వారపు సెలవు, బూట్లు, గ్లౌజులు కలుపు. అతని రేటు ఈ మొత్తం కంటే కింద ఉంటే, ఆ తేడా ఎవరి కడుపు కోసి తెస్తున్నాడో అడగాలి. బిల్లులు మూడు నెలలు ఆపేది మీ కంపెనీ అయితే, ఆ మూడు నెలలూ అప్పులిచ్చి కూలీలని కట్టేసుకునేది మేస్త్రీ. ఆ రేటు కాగితం మీద సంతకం పెట్టమంటే పెట్టకు. ఇంగ్లండ్‌లో ఆధునిక బానిసత్వం మీద వచ్చిన 2015 చట్టం కింద పెద్ద కంపెనీలు, తమకు సరుకు వచ్చే చోట బలవంతపు చాకిరి లేకుండా ఏం చేశాయో ఏటా ఒక ప్రకటన ఇస్తాయట, మీ క్లయింట్ అందుకే ఇదంతా అడుగుతున్నాడని మీ నాన్న అన్నాడు. మంచిదే. ఆ ప్రకటనలో రాయడానికి రెండు వాక్యాలు దొరికాయని నీ పని ఆగకూడదు.

నాకున్న పెద్ద భయం వేరే. నువ్వు చిన్నప్పటి నుంచీ ఆవేశపరురాలివి. తప్పు కనపడగానే కాంట్రాక్ట్ రద్దు చేయిస్తావు. చేయొద్దు తల్లీ. ఒక పెద్ద ఆఫీసు అలాగే చేయడం నేను చూశాను. కూలీలని కట్టేశాడని తెలిసిన సాయంత్రమే కాంట్రాక్టర్‌ని తీసేశారు. తెల్లారేసరికి షెడ్లు ఖాళీ. ఆ బాకీని ఇంకో మేస్త్రీ కొనుక్కున్నాడు, మనుషులతో సహా. ఎక్కడికి పోయారో ఎవరికీ తెలియలేదు.

ముందు ఆ మనుషుల సంగతి చూడు. కార్డులు వాళ్ల చేతికి రావాలి, బాకీ కొట్టేయాలి, కాంట్రాక్టర్ ఎగ్గొట్టిన కూలి మీ కంపెనీ కట్టాలి. 2025 నవంబర్ వరకు ఉన్న 1970 కాంట్రాక్ట్ లేబర్ చట్టంలోనే పని చేయించుకున్న అసలు యజమానిపై ఆ బాధ్యత పెట్టారు, దాని స్థానంలో వచ్చిన కోడ్‌లోనూ అంతే. బలవంతం ఉందని తేలితే డీసీ (మన దగ్గర కలెక్టర్) ఆఫీసుకి రాతపూర్వకంగా ఇవ్వు, వాళ్లు వెట్టి నుంచి విడుదలైనట్టు పత్రం అడుగు. ఆ పత్రం ఉంటే తక్షణ సాయం వస్తుంది. 2016 పథకం కింద మగవాళ్లకి లక్ష, ఆడవాళ్లకి, పిల్లలకి రెండు లక్షలు, మరీ ఘోరమైన కేసుల్లో మూడు లక్షలు. కానీ ఆ పెద్ద మొత్తం కేసులో శిక్ష పడటంతో ముడిపడి ఉంది, రేపే వస్తుందని వాళ్లకి ఆశ పెట్టొద్దు. పిల్లలు కనపడితే ఆలోచించకుండా 1098కి ఫోన్ చెయ్యి.

చీకటి పడ్డాక గోడౌన్‌లకి ఒంటరిగా వెళ్లొద్దు. ఎవరినైనా వెంటబెట్టుకో, ఎక్కడికి వెళ్తున్నావో నాకు మెసేజ్ పెట్టు. కోపంగా రాస్తున్నానని అనుకోకు. ఈసారి నాయండహళ్లికి వెళ్లేటప్పుడు నేనూ వస్తాను, మోకాళ్లు నొప్పులైనా ఆటోలో కూర్చోగలను.

రేపు ఆదివారం కదా, ఇంటికి రా. మీ పెద్దమ్మ ఉగ్గాని, బజ్జీ చేస్తానంటోంది. 2004 నాటి ఆ అడ్వాన్స్ పుస్తకం నా దగ్గరే ఉంది. పని మానేసినరోజు తెచ్చేసుకున్నాను. ఆమె పేజీకి గుర్తు పెట్టి బల్ల మీద ఉంచుతాను, లెక్క ఎలా పెరిగిందో వరసగా చూద్దువు.

మీ పెదనాన్న