గుమ్మానికి చెద, చేలో పుట్ట: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: ఇల్లు కట్టి ఇరవై ఏళ్లయింది. పడకగది గుమ్మం పక్కన గోడ మీద సన్నటి మట్టి చార పాకుతోంది. గీకేసి కిరసనాయిలు పోస్తే పది రోజుల్లో మళ్లీ వస్తోంది. గుమ్మం తీసి ఇనుపది పెట్టించమంటున్నారు. ఏం చేయమంటారు? (ఒంగోలు పాఠకురాలు)

జవాబు: గుమ్మం జోలికి ఇప్పుడే పోకండి. చెద కాపురం గుమ్మంలో కాదు, నేలలో. గోడెక్కి కనిపించేవి మేత కోసం వచ్చిన కూలీలు మాత్రమే. కిరసనాయిలు తగిలినవి చస్తాయి, వాసన ఆరిపోగానే మిగతావి పక్కనుంచి ఇంకో దారి వేసుకుంటాయి. ఇనుప గుమ్మం పెట్టినా అవే పురుగులు పక్కనున్న బీరువాలోకి, పుస్తకాల అరలోకి పోతాయి.

ముందుగా ఆ చారను పూర్తిగా గీకకుండా, మధ్యలో అంగుళం మేర పగలగొట్టి వదిలేయండి. మర్నాటికి అక్కడ తడి మట్టి అద్ది పూడ్చేసి ఉంటే పురుగు ఇంకా తిరుగుతోందని అర్థం. పొడిగా అలాగే ఉంటే అది పాత దారి కావచ్చు, వారం ఆగి ఇంకోసారి చూడండి. తర్వాత చారను కిందికి వెతుక్కుంటూ పోయి, నేలా గోడా కలిసే చోట ఎక్కడ పైకి వస్తోందో గుర్తు పెట్టుకోండి.

కట్టిన ఇళ్లకు చెద మందు ఎలా పెట్టాలో భారతీయ ప్రమాణం ఐఎస్ 6313 మూడో భాగం చెబుతుంది. నేలా గోడా కలిసే మూలవెంట అడుగుకొకటి చొప్పున 12 మి.మీ. రంధ్రాలు వేసి, ఒక్కో దానిలో లీటరు వరకు మందు నీళ్లు పోయాలి. ఇమిడాక్లోప్రిడ్ 30.5 శాతం ద్రావణమైతే లీటరు నీటికి 2.1 మి.లీ. కలపాలి. పదీ పన్నెండు అడుగుల గది చుట్టుకొలత 44 అడుగులు. అంటే 44 రంధ్రాలు, 44 లీటర్ల నీళ్లు, సుమారు 92 మి.లీ. మందు. ఈ లెక్క మీ చేతిలో ఉంటే పనివాళ్లు పావులీటరు చొప్పున పోసి ‘అయిపోయిందమ్మా’ అన్నప్పుడు నిలదీయొచ్చు. ద్వారబంధానికి, గోడకీ కలిసే చోట 6 మి.మీ. రంధ్రాలు కిందికి ఏటవాలుగా వేసి, ఇక పీల్చుకోనంతవరకు మందు ఎక్కించాలి. అక్కడ రంధ్రానికి అరలీటరు మించనక్కర్లేదు. అన్నీ ఆరాక తెల్ల సిమెంటుతో పూడ్చేయండి.

ఈ పని ఎక్కువగా చెడేది రంధ్రం లోతు దగ్గరే. డ్రిల్లు టైలునూ కాంక్రీటునూ దాటి మట్టిలోకి దిగాలి. దిగకపోతే మందు కాంక్రీటులోనే నిలిచిపోతుంది, పోసినదంతా వృథా. బిట్టు బయటికి తీసినప్పుడు కొసకు మట్టి అంటుకుందో లేదో చూడండి. కరెంటు వైర్లు, నీళ్ల పైపులు ఎటు పోతున్నాయో ముందే కనుక్కోవాలి. గోడ పక్కనే నీళ్ల సంపు గానీ బావి గానీ ఉంటే ఆ వైపు మందు పోయించకండి. మందు పెట్టిన గదిలోకి ఆరేదాకా పిల్లల్ని రానివ్వొద్దు.

మందు ఒక్కటే చాలదు. బాత్‌రూము పైపు కారుతోందా, గోడకు ఆనించి మొక్కల పాదు ఉందా, మంచం కింద అట్టపెట్టెలు నేలకు తగిలి ఉన్నాయా చూడండి. చాలా ఇళ్లలో సెంట్రింగు చెక్కలు, మేకులు కొట్టిన కర్రముక్కలు పునాది మట్టిలోనే పూడ్చేసి వదిలేస్తారు. చెదకు అది ఏళ్ల తరబడి మేత. నెల తర్వాత అంగుళం పరీక్ష మరోసారి చేసి, చెద పూర్తిగా ఆగిందని తేలాకే గుమ్మం మాట ఆలోచించండి.

ప్రశ్న: టేకు మంచం కోడు నుంచి పిండిలాంటి పొడి రాలుతోంది. ఇదీ చెదేనా? (నల్లగొండ పాఠకుడు)

జవాబు: గుండుసూది మొనంత కన్నాలు ఉండి, మైదాపిండిలా మెత్తని పొడి రాలితే అది చెద కాదు, కర్రను తొలిచే పుచ్చు పురుగు. చెద తిన్న చోట మట్టి ఉంటుంది. పుచ్చుకు నేలలో మందు పోసి లాభం లేదు. మంచానికి ఎండ పట్టించి, కర్రకు వాడే మందును సిరంజితో కన్నాల్లోకి ఎక్కించి, మైనంతో మూసేయాలి.

ప్రశ్న: తొలకరి వానకు సాయంత్రం లైటు దగ్గరికి వందలకొద్దీ ఉసిళ్లు వచ్చాయి. ఇల్లంతా రెక్కలే. ఇంటికి చెద పట్టినట్టేనా? (తెనాలి పాఠకురాలు)

జవాబు: అవి ఎక్కడినుంచి వచ్చాయో చూడాలి. కిటికీలోంచి లైటుకు వచ్చి పడితే అవి వీధిలోని పుట్టవో, చేలోవో. దీపాలు ఆర్పి, తెల్లారాక రెక్కలు ఊడ్చేస్తే సరి. గోడ పగులులోంచో, గుమ్మం సందులోంచో బయటికి వస్తే మాత్రం చెద కాపురం మీ ఇంట్లోనో, ఇంటి కిందో ఉన్నట్టే.

ఉసిళ్లు చెదలోని రెక్కల ఆడ, మగ పురుగులు. నేల మెత్తబడ్డాక జతగా మట్టిలో దిగి కొత్త కాపురం పెట్టడానికే వానకు లేస్తాయి. దిగగానే రెక్కలు రాల్చేసుకుంటాయి. లేచిన వాటిలో చాలావరకు బల్లులకూ, కప్పలకూ, కాకులకూ మేతే. మన పల్లెల్లో మనుషులు కూడా దీపం కింద నీళ్ల పళ్లెం పెట్టి పట్టి, రెక్కలు చెరిగి, వేయించుకుని తింటారు. మందు కొట్టిన ఇళ్ల దగ్గర పట్టినవి మాత్రం తినకూడదు.

ప్రశ్న: వేరుశనగ కోతకొచ్చింది. బెట్టకు చేను వాడింది, పీకితే కాయల మీద గీకినట్టుంది, కొన్నిటికి కన్నాలు. గట్టు మీద పుట్టలున్నాయి. తవ్వేస్తే పోతుందా? (కదిరి రైతు)

జవాబు: పుట్ట తవ్వినంతమాత్రాన పోదు. వేరుశనగను తినేవాటిలో పుట్ట పెట్టని చిన్న చెద కూడా ఉంది. అది నేలలోనే చిన్న చిన్న గూళ్లలో చెల్లాచెదురుగా ఉంటుంది. పైగా బెట్టకు వాడిన చేనే దానికి సులువైన మేత.

ఇప్పుడు మందు కొట్టకండి, కాయలో మిగిలిపోతుంది. వీలైతే ఒక తడి ఇచ్చి, ఆలస్యం చేయకుండా పీకండి. పీకిన చెట్టును చేలోనే రోజుల తరబడి పడేయకుండా త్వరగా ఎండబెట్టాలి. గీకిన కాయను తప్పకుండా విడిగా ఏరండి. చెద గీకిన తొక్కలోంచి ఆస్పర్జిల్లస్ బూజు లోపలికి చేరి పప్పులో అఫ్లటాక్సిన్ విషం తయారవుతుంది. అలాంటి కాయను ఇంటి నూనెకు గానీ, విత్తనానికి గానీ కలపొద్దు, దాని పిండి పశువులకూ పెట్టొద్దు.

వచ్చే ఏడాదికి కిలో విత్తనానికి 2 మి.లీ. ఇమిడాక్లోప్రిడ్ 600 ఎఫ్‌ఎస్ పట్టించి నీడలో ఆరబెట్టి వేయండి. పచ్చి పేడ ఎరువు, కుళ్లని చెత్త చేలో వేయడమంటే చెదను పిలిచి కూర్చోబెట్టడమే. బాగా మాగిన ఎరువే తోలండి.

ప్రశ్న: పొలంలో నేరేడు చెట్టు పక్కన పెద్ద పుట్ట ఉంది. అక్కడ బోరేస్తే నీళ్లు పడతాయని పెద్దలంటున్నారు. నిజమేనా? (సిద్దిపేట రైతు)

జవాబు: ఈ మాట పాతదే. ఆరో శతాబ్దపు వరాహమిహిరుడి బృహత్సంహితలోని దకార్గళాధ్యాయం నేలలో నీటి జాడ గురించే. నేరేడుకు తూర్పున దగ్గర్లో పుట్ట ఉంటే, చెట్టుకు దక్షిణాన రెండు పురుషాల లోతున తియ్యని నీరు ఉంటుందంటుంది. చేతులెత్తి నిలబడ్డ మనిషి ఎత్తు ఒక పురుషం, సుమారు ఏడున్నర అడుగులు. అంటే పదిహేను అడుగుల లోతు మాట. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయానికి చెందిన ఇ.ఎ.వి. ప్రసాద్ 1980లో ఈ అధ్యాయం మీద పుస్తకం వెలువరించారు.

ఇందులో అర్థముంది. చెద ఒంటి తోలు పలుచన, గాలి పొడిబారితే బతకదు. గూడు ఎప్పుడూ చెమ్మగా ఉండాలి కాబట్టి కింది మట్టినుంచి తడి మోసుకొస్తుంది. తవ్వుడు బావుల రోజుల్లో ఆ గుర్తు పనికొచ్చేది. మీరు వేసేది వందల అడుగుల బోరు. అక్కడ నీళ్లుండేది గ్రానైటు రాతి పగుళ్లలో. ఆ పగుళ్ల సంగతి పుట్టకు తెలియదు. భూగర్భ జల సర్వే చేయించుకునే పాయింటు పెట్టండి.

ఒకవేళ పుట్ట ఇంటికి ఆనుకునే ఉండి తీయక తప్పకపోతే, పై మట్టి చదును చేస్తే చాలదు. లోపలి గదిలో రాణి బతికుంటే మళ్లీ లేస్తుంది. పుట్టలో పాములు చేరి ఉంటాయి కాబట్టి ముందు పాములు పట్టేవాళ్లకు చూపించండి. తర్వాత గడ్డపారతో నాలుగైదు చోట్ల లోతుగా పొడిచి, ఘనమీటరు పుట్టకు సుమారు 4 లీటర్ల మందు నీళ్లు పోస్తారు. చేను మధ్యనో గట్టు మీదో ఉన్న పుట్టకు ఈ ఖర్చు దండగ. ఆకులూ కొయ్యకాళ్లూ తిని మట్టిలో కలిపేది అదే, దాని సొరంగాల్లోంచే వాన నీరు కిందికి ఇంకుతుంది. నాగులచవితికి పాలు పోసే పుట్టనైతే ఎవరూ ముట్టనివ్వరు, అదీ మంచిదే.

ప్రశ్న: పుట్ట మీద మొలిచే పుట్టగొడుగులను వరిగడ్డి మీద పెంచలేమా? (ఏటూరునాగారం పాఠకుడు)

జవాబు: పెంచలేం. గడ్డి మీద పెంచేవి వేరే రకాలు. పుట్ట మీద మొలిచేది చెద తన పుట్ట లోపల సాగు చేసే బూజు. చెద తిని విసర్జించిన కర్రపొట్టుతో స్పాంజిలాంటి గూడు కట్టి, దాని మీద ఈ బూజును పెంచుతుంది. కర్రలోని గట్టి పీచును అరిగించి పెట్టేది ఆ బూజే, అందుకే దాన్ని తిరిగి తింటుంది. వానాకాలంలో ఆ గూటినుంచి పొడవైన వేరు పైకి వచ్చి గొడుగు విచ్చుకుంటుంది. చెదలు లేకుండా దాన్ని పండించే పద్ధతి రైతులకు అందుబాటులో లేదు.

ఏరేటప్పుడు జాగ్రత్త. నేలలోకి దిగే పొడవాటి వేరు, గొడుగు నడినెత్తిన మొన, ఈ రెండూ చూడాలి. కాడ అడుగున గిన్నెలాంటి తొడుగు ఉంటే దాన్ని ముట్టొద్దు. వెండి ఉంగరం నల్లబడితేనే విషమన్న పరీక్షను నమ్మొద్దు, విషపు గొడుగులు దానికి దొరకవు. మట్టి తవ్వి వేరంతా లాగకుండా నేల మట్టానికి కోసుకుంటే లోపలి గూడు చెడదు, తర్వాతి వానలకూ అక్కడే మొలిచే వీలుంటుంది.