ముందు ఇటుక, వెనుక కర్ర

ప్రశ్న: మా అమ్మాయి, అల్లుడు ఇంగ్లండులోని సఫోక్‌లో ఒక పల్లెలో అద్దెకుంటున్నారు. ఇంటి పేరు ‘ఓల్డ్ రెక్టరీ’. ముందువైపు తీర్చిదిద్దినట్టున్న ఎర్ర ఇటుక గోడ, పొడవాటి కిటికీలు. వెనుక వంటింట్లో మాత్రం తలకు తగిలే వంకర దూలాలు. రెండు కిటికీలను ఇటుకలతో పూడ్చేశారు. ఇది ఒక ఇల్లా, రెండు ఇళ్లా?
– ఒక పాఠకురాలు

జవాబు: ఒకే ఇల్లు అయివుంటుందమ్మా. వెనుకభాగం పాతది, ముందుభాగం తర్వాత తొడిగింది.

రెక్టరీ అంటే రెక్టరు ఉండే ఇల్లు. రెక్టరంటే ఊరి పంటలో దశమభాగమంతా దక్కే చర్చి గురువు. మాన్యం భూమీ ఉండేది. ఇల్లు మాత్రం ఆయన సొంతం కాదు, పదవి ఉన్నన్నాళ్లే. మరమ్మతులన్నీ ఆయనవే. ఆయన పోతే, పాడైన కప్పుకూ గోడలకూ అయ్యే ఖర్చును కొత్తగా వచ్చిన రెక్టరు ఆయన వారసుల దగ్గర రాబట్టుకునేవాడు. భర్తను పోగొట్టుకుని ఇల్లు ఖాళీ చేస్తున్న ఆవిడే ఆ ఇంటి బాగుకు డబ్బు కట్టాలి! ఈ ఇళ్ల అందాన్ని మెచ్చుకునేవారు ఈ సంగతీ తలుచుకోవాలని నా కోరిక.

1776లో వచ్చిన గిల్బర్ట్ చట్టం పదవి ఆదాయాన్ని తాకట్టు పెట్టి ఇల్లు బాగుచేసుకునే వీలిచ్చింది. 1704లో ఏర్పడిన ‘క్వీన్ ఆన్స్ బౌంటీ’ నిధి కూడా అప్పులిచ్చేది. అలా ఎన్నో పాత కర్ర ఇళ్లకు కొత్త ఇటుక ముఖాలు వచ్చాయి.

కొన్నిచోట్ల నిప్పే ఆ పని చేయించింది. లింకన్‌షైర్‌లోని ఎప్‌వర్త్ రెక్టరీ, 1607 నాటి పత్రం ప్రకారం, అయిదు అంకణాల కర్ర ఇల్లు. గోడలకు పూత, పైన గడ్డికప్పు. 1709 ఫిబ్రవరిలో తగలబడింది. మేడమీద చిక్కుకున్న అయిదేళ్ల పిల్లవాణ్ణి, ఒకరి భుజాలపై ఒకరు ఎక్కి కిటికీలోంచి దించారు. ఆ పిల్లవాడే మెథడిస్టు ఉద్యమానికి ఆద్యుడైన జాన్ వెస్లీ. తండ్రి ఇటుకతో తిరిగి కట్టించిన ఇల్లు ఇప్పుడు మ్యూజియం.

కిటికీల పన్ను 1696 నుంచి 1851 దాకా ఉండేది కనుక పూడ్చిన ప్రతి కిటికీకీ అదే కారణమంటారు. తొందరపడకండి. లోపలివైపు చట్రం ఆనవాలు లేకపోతే, ఎదుటి కిటికీకి జోడుగా గోడలో ఉత్తుత్తి కిటికీ కట్టారేమో.

అటక ఎక్కగలిగితే మీ అల్లుణ్ణి వాసాలు చూడమనండి. నల్లగా పొగచూరి ఉంటే, పొగగొట్టం లేకుండా నడిగదిలో నిప్పు వేసుకున్న మధ్యయుగపు ఇల్లు కావచ్చు. ఆ జిల్లా పాత పత్రాల భాండాగారంలో చర్చి మాన్యాల జాబితాలు అడగండి. ఇంటి గదులు, అంకణాలు కూడా కొన్నిటిలో రాసివుంటాయి. అప్పు కోసం గీయించిన ప్లాన్లు దొరికితే మీ అదృష్టం.

ఇరవయ్యో శతాబ్దంలో చర్చి ఇలాంటి పెద్ద ఇళ్లను చాలావరకు అమ్మేసి, గురువులకు చిన్నవి ఇచ్చింది. పేరులోని ‘ఓల్డ్’ అలా వచ్చిందే. ఇల్లు రక్షిత కట్టడాల జాబితాలో ఉంటే, యజమాని సరేనన్నా స్థానిక సంస్థ అనుమతి లేకుండా ఆ పూడ్చిన కిటికీలను తెరవకూడదు.