టైంటేబుల్ తర్వాత, ముందు జీతం అడగండి

ప్రశ్న: మాది తిరుపతి. నా వయసు 46. గోవిందరాజస్వామి గుడి దగ్గర మా నాయన పెట్టిన స్టీలు, ఇత్తడి సామాన్ల అంగడి చూసుకుంటున్నాను. నిరుడు డాక్టరు డిప్రెషన్ అని చెప్పి మాత్రలు రాశారు. రెండు నెలలు వాడాను, కాస్త తేలికపడ్డాను, ఆపేశాను. ఇప్పుడు మళ్ళీ నిద్ర లేదు, ఆకలి లేదు, ఎవరితోనూ మాట్లాడబుద్ధి కావడం లేదు. ఒక్కోసారి నేను లేకపోతేనే ఇంట్లోవాళ్ళు సుఖపడతారేమో అనిపిస్తుంది. మంచి అలవాట్లతో దీన్నుంచి బయటపడాలని పన్నెండు అంశాలతో టైంటేబుల్ రాసుకున్నాను. మూడు రోజులు కూడా నిలవడం లేదు. క్రమశిక్షణ పెరగాలంటే ఏం చేయాలి?

జవాబు: మీ టైంటేబుల్ చూశాను. తెల్లవారుజామున నాలుగింటికి లేవడం, చన్నీళ్ళ స్నానం, ప్రాణాయామం, డైరీ, పదివేల అడుగులు, శనివారం శనివారం అలిపిరి మెట్లు... ఏ జబ్బూ లేనివాడు కూడా వారం తిరక్కుండా చేతులెత్తేస్తాడు. రాత్రి రెండింటిదాకా కన్ను మూతపడని మనిషి నాలుగింటికి ఎలా లేస్తాడు తమ్ముడూ? అయినా మీకు క్రమశిక్షణ లేదని ఎవరన్నారు? ఇరవై ఏళ్ళ పైగా పొద్దున తొమ్మిదికి అంగడి తీసి రాత్రి తొమ్మిదిన్నరకు మూస్తున్నారు. ఆ ప్రశ్న ఇంతటితో వదిలేద్దాం.

‘నేను లేకపోతేనే’ అన్న మాట మాత్రం వదిలేది కాదు. నిద్ర, ఆకలి సంగతులకూ టైంటేబుల్‌కూ మధ్య దాన్ని ఇరికించి దాటిపోయారు. ఇవాళ రాత్రే మీ ఆవిడకు ఆ మాట ఉన్నదున్నట్టు చెప్పండి. ఆమె భయపడుతుందని దాచకండి, భయపడితే పడనివ్వండి. ఆ ఆలోచన పదే పదే వస్తున్నా, ఫలానా విధంగా చేసుకుందాం అన్నదాకా పోతున్నా ఒంటరిగా ఉండొద్దు. ఆ గంటలోనే రుయా ఆసుపత్రి అత్యవసర విభాగానికి మీ ఆవిడను వెంటబెట్టుకుని వెళ్ళండి, అది అర్ధరాత్రయినా సరే. 14416కు ఫోన్ చేసినా పలుకుతారు. 2022లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలి మానస్ సేవ అది. ఉచితం, ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఇక అసలు సంగతి. మీ పెద్ద ఉత్తరంలో (పైన వేసింది దాని కుదింపే) జబ్బు గురించి అర పేజీ కూడా లేదు. మిగతాదంతా మీ నాయనే. శ్రీకాళహస్తి నుంచి వచ్చి తోపుడు బండి మీద గిన్నెలమ్మి అంగడి పెట్టిన మనిషి. ఇద్దరు ఆడబిడ్డల పెళ్ళిళ్ళు చేశాడు. డెబ్బై మూడేళ్ళ వయసులో కూడా గల్లా పెట్టె తాళం ఆయన మొలతాడుకే ఉంటుంది. ‘నీకేం తక్కువరా, తిని కూర్చుంటే అన్ని రోగాలూ వస్తాయి’ అని గిరాకీ ముందే అంటాడు. మీరు తల దించుకుని గిన్నెలు తూకం వేస్తారు.

పైన ‘తేలికపడ్డాను, ఆపేశాను’ అని రాశారు. చివరి పేజీలో వేరే మాట ఉంది. మొదటి నెల మాత్రలకు బండి రిపేరు అని చెప్పి డబ్బు తీసుకున్నారు. రెండో నెల పాప ఫీజు అన్నారు. మూడో నెల చెప్పడానికి అబద్ధం దొరకలేదు, మాత్రలు ఆగిపోయాయి. ఆయన సుగరు మాత్రలు మాత్రం నెలనెలా ఆ గల్లాలోంచే, మీ చేత్తోనే కొంటున్నారు. ఆ డబ్బుకు ఆయన లెక్క అడగరు, మీరు చెప్పరు.

రుయాలో మానసిక వైద్య విభాగం ఉందనీ, పెద్ద ఖర్చుండదనీ తిరుపతిలో పుట్టి పెరిగిన మీకు నేను చెప్పాలా? ఓపీ వరుసలో ఎవరైనా చూసి మీ నాయన చెవిన వేస్తారని వెళ్ళలేదు. అంటే డబ్బు కంటే ఆయనంటే ఉన్న భయమే పెద్దది. నలభై ఆరేళ్ళ మనిషి, పదో తరగతి చదివే కూతురున్న తండ్రి, తన మందుకు తన కష్టార్జితంలోంచి వెయ్యి రూపాయలు తీసుకోలేకపోతున్నాడు. ఇది చదివి నాకు మీ మీద జాలి కంటే కోపమే ఎక్కువ వచ్చింది.

వేరు పడమనో, ఆయన్ని ఎదిరించి అంగట్లోంచి వచ్చేయమనో నేను చెప్పను. ముసలి తండ్రిని చూసుకోవడం కొడుకు బాధ్యతే. ఈ విషయంలో నేను పాతకాలపు మనిషిని. ఆయన పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. తోపుడు బండి రోజుల్లో ఆయనకు జబ్బు పడే తీరిక లేదు. కాళ్ళూ చేతులూ బాగున్న కొడుకు పనిలో మనసు పెట్టకపోతే అది సోమరితనంగానే ఆయన కంటికి కనబడుతుంది. చెప్పినవాళ్ళెవరు ఆయనకు? మీరు చెప్పారా? నిరుటి నుంచి ఒక్కసారైనా ‘నాయనా, నాకు డిప్రెషన్, డాక్టరు మందిచ్చారు’ అన్నారా? మీ ఉత్తరమంతా వెతికాను, ఎక్కడా లేదు.

కాబట్టి ముందు చేయాల్సింది ఇది. అంగట్లో వద్దు, గిరాకీ ముందు అసలే వద్దు. రాత్రి భోజనాలయ్యాక, మీ ఆవిడ పక్కనుండగా చెప్పండి. రెండే రెండు సంగతులు. ఒకటి, ఈ జబ్బు, దాని పేరుతో సహా. రెండు, వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి నాకు అంగడి నుంచి జీతం కావాలి, దాని ఖర్చుకు లెక్క అడగవద్దు అని. పనిలో ఉన్న కుర్రాడికి ఇస్తున్నారు కదా, కొడుకుకు ఎందుకివ్వరు? గల్లా తాళం ఆయన దగ్గరే ఉండనీయండి. ఆ వయసులో అది లాక్కోవడం మంచిది కాదు, మీకు ఇప్పుడు అవసరమూ లేదు.

ఆయన కేకలు వేస్తారు. వేయనీయండి. తిరిగి అరవకండి, కానీ మాట వెనక్కి తీసుకోకండి. రెండోసారికీ వినకపోతే శ్రీకాళహస్తిలో ఉన్న మీ చిన్నాయనను పిలవండి, ఆయన మాటకు మీ నాయన విలువిస్తారని మీరే రాశారు. మొదటే ఆయన్ని పంపొద్దు. మీ నోటితో ఒకసారి చెప్పాకే పెద్దమనిషి రావాలి. ఆ తర్వాత వీలైతే మీ నాయనను కూడా డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళండి. కొడుకు చెబితే వినని తండ్రులు కూడా డాక్టరు మాట వింటారు.

మందుల విషయం. పాత చీటీ పట్టుకుని మీ అంతట మీరు మళ్ళీ మొదలుపెట్టకండి. వెళ్ళి కలవండి, మధ్యలో ఆపిన సంగతి దాచకుండా చెప్పండి, డాక్టర్లకు ఇది రోజూ వినే మాటే. ఈ మాత్రలు తలనొప్పి బిళ్ళల్లా గంటలో పని చేయవు. గుణం కనబడటానికే రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. నయమైనట్టు అనిపించాక కూడా సాధారణంగా కనీసం ఆరు నెలలు వాడమంటారు. ఆపాల్సి వచ్చినప్పుడు డాక్టరే మెల్లగా తగ్గిస్తారు. ఒక్కసారిగా మానేస్తే కొందరికి తల తిరగడం, చిరాకు, నిద్ర చెడిపోవడం ఉంటాయి. థైరాయిడ్, బీ12, రక్తహీనత పరీక్షలు చేయించాలా అని అడగండి, ఇవి తేడాగా ఉన్నా మనిషి ఇలాగే నీరసించిపోతాడు. మీ నాయనకు సుగరు ఉంది కనుక మీరూ చూపించుకోండి.

ఇక అలవాట్లు. అడిగారు కాబట్టి చెబుతాను గానీ పన్నెండు లేవు.

లేచే వేళ ఒకటే ఉండాలి. ఆరున్నర అనుకోండి. రాత్రి ఎన్నింటికి నిద్ర పట్టినా లేచేది ఆరున్నరకే, ఆదివారమైనా అంతే. పడుకునే వేళను మనం శాసించలేం, లేచే వేళను కొంతవరకు శాసించగలం. అది కుదిరితే కొన్ని వారాల్లో నిద్ర దానంతటదే దారిలో పడటం మొదలవుతుంది. మధ్యాహ్నం మీ నాయన భోజనానికి వెళ్ళిన రెండు గంటలూ సరుకు బస్తాల వెనక పడుకుంటున్నానని రాశారు. రాత్రి నిద్రను అక్కడే ఖర్చు చేసేస్తున్నారు. నడుం వాల్చాల్సి వస్తే ఇరవై నిమిషాలు, అలారం పెట్టుకుని. సాయంత్రం అంగట్లో కాఫీలు మానండి. నాలుగింటికి తాగిన కాఫీలో సగం రాత్రి తొమ్మిదింటికి కూడా ఒంట్లోనే ఉంటుంది.

పొద్దున బండి ఇంట్లో వదిలి అంగడికి నడిచి వెళ్ళండి. అరగంట దూరం అన్నారు, ఎండ ముఖాన పడుతుంది, చాలు. వెళ్ళబుద్ధి అయినప్పుడు వెళ్దామనుకుంటే ఈ జబ్బులో ఆ బుద్ధి పుట్టదు. ముందు కాళ్ళు కదలాలి, మనసు తర్వాత మెల్లగా వస్తుంది. అంత నడవలేని రోజు వీధి చివరిదాకా పోయి రండి, అదీ లెక్కే. మర్నాడు దాని గురించి మిమ్మల్ని మీరు తిట్టుకోకండి.

ఆకలి లేకపోయినా వేళకు ఏదో ఒకటి తినండి. పెద్ద ముద్ద సంగటి దిగకపోతే చిన్న ముద్ద, చెనిక్కాయల చట్నీతో. రాత్రి సారా సీసా జోలికి మాత్రం పోవద్దు. నిద్ర పడుతుందని ఎవరో చెప్పారట. మొదట మత్తుగా పడుతుంది, నడిరాత్రి మెలకువ వచ్చి మనసు ఇంకా కిందకు పోతుంది. ఈ మాత్రలకూ దానికీ పొసగదు.

శని ఆదివారాలు యాత్రికుల రద్దీలో మీకు ఊపిరాడదు, అది నాకు తెలుసు. అందుకని మంగళవారం మధ్యాహ్నం నుంచి సెలవు అడగండి. జీతంతో పాటే ఇదీ మాట్లాడండి. ఆ పూట డాక్టరుకో, మీ ఆవిడతో కలిసి కపిలతీర్థం దాకా పోవడానికో వాడుకోండి. మీ సావాసగాడు ఒకడు యూనివర్సిటీ మైదానంలో నడుస్తాడని రాశారు, వాడిని పలకరించి ఏడాదయిందన్నారు. వాడికి ఫోన్ చేయండి. జబ్బు సంగతి చెప్పాలనేం లేదు, పక్కన నడిస్తే చాలు.

అలిపిరి మెట్ల మొక్కు ఒక్క శనివారమే తీరింది, మిగతావి బాకీ పడ్డాయి, స్వామికి కోపం వస్తుందేమో అని బెంగ పడ్డారు. 3,550 మెట్లు, ఆరోగ్యంగా ఉన్నవాళ్ళే గాలి గోపురం చేరేలోపు నాలుగుసార్లు కూర్చుంటారు. కొండమీద ఉన్నది వడ్డికాసులవాడు. ఆలస్యమైతే వడ్డీతో తీసుకుంటాడు గానీ జబ్బు మనిషి గుమ్మం ముందుకు వసూలుకు రాడు. ఒళ్ళు కుదుటపడ్డాక ఎక్కుదురు.

చివర్న పాపకు చెప్పాలా వద్దా అని అడిగారు. చెప్పండి. పదో తరగతి పరీక్షలయ్యాక అని వాయిదా వేయకండి, నాన్న అన్నం ముందు కూర్చుని లేచిపోతుంటే ఆ పిల్ల ఇప్పటికే తనవల్ల ఏదో తప్పు జరిగిందనుకుంటూ ఉంటుంది. ‘నాకు ఒంట్లో బాగాలేదు, మందు వాడుతున్నాను, నీవల్ల కాదు’ అంటే చాలు. అడిగినదానికి జవాబు చెప్పండి, అడగనిది చెప్పొద్దు. మీ నాయనతో మాట్లాడబోయే సంగతి మాత్రం ఆమెను మధ్యలో పెట్టి నడపకండి. మనవరాలి చేత తాతకు చెప్పిద్దామని మీ ఆవిడ అన్నారట, ఆ పని అసలే చేయకండి.