నడుం నొప్పికి ఊపిరి కసరత్తు

చిరంజీవి శ్రీకాంత్‌కు ఆశీస్సులు.

ఉప్పల్ నుంచి గచ్చిబౌలి దాకా రోజూ బండి మీద పోయి, తొమ్మిది గంటలు కుర్చీలో కూర్చునే నడుముకు ఊపిరి కసరత్తు ఏం చేస్తుందని అడిగావు. ఊపిరి పీల్చే పెద్ద కండరం డయాఫ్రమ్. దాని వెనక కొసలు నడుం పూసల్లో పైవాటికి అతుక్కుని ఉంటాయి. అది కిందికి దిగినప్పుడల్లా పొట్టలో ఒత్తిడి పెరిగి నడుముకు ముందు నుంచి ఆసరా దొరుకుతుంది. డయాఫ్రమ్ త్వరగా అలిసిపోతే ఆ ఆసరా కూడా సడలుతుంది. అందుకే పీల్చే గాలికి అడ్డు పెట్టే పరికరంతో దానికి కసరత్తు ఇస్తాం. ఆ అడ్డునే ఇక్కడ బరువు అంటున్నాను.

కోఠీలో సర్జికల్ షాపుకు పోయి ఊపిరి పరికరమంటే మూడు బంతులది చేతిలో పెడతారు. అది మనకు పనికిరాదు. నువ్వు పీల్చే వేగాన్ని బట్టి దాని బరువు మారిపోతుంది. స్ప్రింగు నాబ్ తిప్పి బరువు పెట్టుకునే రకం అడుగు. ముక్కుకు క్లిప్ కూడా తీసుకో.

ముందు ఫిజియో దగ్గర నీ గరిష్ఠ పీల్పు ఒత్తిడి, అంటే నువ్వు ఎంత గట్టిగా పీల్చగలవో కొలిపించు. అది 80 సెంటీమీటర్ల నీటి ఒత్తిడి అనుకుంటే, మొదటి వారం 24తో మొదలుపెట్టి మెల్లగా 48కి, అంటే 60 శాతానికి చేర్చు. 2015లో బెల్జియం పరిశోధకులు 28 మంది మీద 8 వారాలు చూశారు. 60 శాతం బరువు పెట్టినవాళ్లకు నొప్పి తగ్గింది, 10 శాతం పెట్టినవాళ్లకు లాభం కనిపించలేదు. అది చిన్న అధ్యయనమే, కాబట్టి నడక, నడుం వ్యాయామాలు మానొద్దు. బరువు తేలిగ్గా పెట్టుకుని 8 వారాలు గడిపినా ఫలితం ఆశించొద్దు.

పరికరంతో పొద్దున 30, సాయంత్రం 30 ఊపిరులు. కుర్చీ అంచున వీపు నిటారుగా పెట్టి కూర్చో. రెండు చేతులూ కింది పక్కటెముకల మీద పెట్టు, బొటనవేళ్లు వెనక్కి. పీల్చినప్పుడు పక్కటెముకలు చేతుల్ని రెండు పక్కలకూ తోయాలి. భుజాలు చెవుల వైపు లేస్తే, మెడ నరాలు తేలితే పని మెడ కండరాలు చేస్తున్నట్టే. నడుముకు అందేది ఏమీ ఉండదు, మెడ నొప్పి మాత్రం వస్తుంది. అప్పుడు బరువు ఒక మెట్టు తగ్గించు. తల తిరిగితే, వేళ్లు తిమ్మిరెక్కితే గబగబా పీలుస్తున్నావన్నమాట. ఆగి, ఊపిరి వదిలే సమయం పెంచు.

ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరిన జబ్బు ఎప్పుడైనా వచ్చి ఉన్నా, చెవి పొర చిరిగినా, ఈ మధ్య పొట్ట ఆపరేషన్ అయినా డాక్టర్‌ను అడగకుండా ముట్టుకోకు. కాలు పట్టు తప్పినా, మూత్రం ఆగినా, తొడల మధ్య స్పర్శ పోయినా అదే రోజు ఆసుపత్రికి పో.

వాడాక గోరువెచ్చని నీళ్లతో కడిగి ఆరబెట్టు. ఉమ్మి ఆరి వాల్వ్ అంటుకుంటే బరువు తప్పుగా పడుతుంది. ఆదివారం పరికరం తెచ్చుకో, భుజాలు లేస్తున్నాయేమో చూస్తాను.

ఇట్లు,
పెద్దనాన్న