బస్సు కొండెక్కడానికి ఎన్ని యూనిట్లు?

ప్రశ్న: సార్, బీటెక్ ఈఈఈ పూర్తి చేశాను. మొన్న ఒక కంపెనీ ఇంటర్వ్యూలో "తిరుపతి నుంచి తిరుమలకి ఎలక్ట్రిక్ బస్సు ఒకసారి ఎక్కాలంటే సుమారు ఎన్ని యూనిట్ల కరెంటు కావాలి?" అని అడిగారు. బస్సు బరువు కూడా చెప్పలేదు. టెన్షన్‌లో "డేటా ఇవ్వలేదు కదా సార్" అని ఊరుకున్నాను. ఇలాంటివాటికి ఎలా తయారవ్వాలి?
— ఒక పాఠకుడు, చంద్రగిరి

జవాబు: డేటా ఇవ్వకపోవడమే అక్కడ అసలు పరీక్ష. ఉద్యోగంలో చేరాక కూడా దత్తాంశం ఎవరూ రాసిపెట్టరు. సబబైన అంకె ఒకటి అనుకుని, అలా అనుకున్నానని పైకి చెప్పి ముందుకెళ్లాలి.

చేసి చూద్దాం. జనంతో నిండిన బస్సు 12 టన్నులు అనుకోండి. ఎత్తు తేడా దాదాపు 700 మీటర్లు. అది గుర్తు రాకపోతే, ఘాట్ రోడ్డు ఓ 18 కిలోమీటర్లు, పాతిక మీటర్లకి ఒక మీటరు ఎక్కుతుందనుకున్నా దాదాపు అక్కడికే వస్తారు. ఎంజీహెచ్ (బరువు × గురుత్వ త్వరణం, సుమారు 10 × ఎత్తు) వేస్తే 84 మెగాజౌల్స్. యూనిట్ అంటే 3.6 మెగాజౌల్స్ కాబట్టి 23 యూనిట్లు. చాలామంది ఇక్కడే ఆగిపోతారు, మీరు ఆగకండి. టైర్ల రాపిడి బరువులో నూరో వంతు అనుకుంటే ఇంకో 6 యూనిట్లు, మోటారు నష్టాలు పోను 85 శాతమే చక్రానికి అందుతుందనుకుంటే మొత్తం 34 దగ్గర తేలుతుంది. గాలి నిరోధం వదిలేయొచ్చు, మలుపుల్లో అంత వేగం ఉండదు; కానీ ఎందుకు వదిలేశారో చెప్పండి.

తర్వాత "మరి దిగేటప్పుడు?" అంటారు. ఈఈఈ వాళ్లు మెరవాల్సింది ఇక్కడే. దిగుతున్నప్పుడు మోటారే జనరేటరై కొంత కరెంటు బ్యాటరీకి తిరిగిస్తుంది, కానీ కొండపైనే ఫుల్ చార్జింగ్ పెట్టేస్తే ఆ కరెంటు పట్టడానికి బ్యాటరీలో చోటుండదు, భారమంతా మామూలు బ్రేకుల మీద పడుతుంది. ఈ మాట నోట వస్తే 34 కాస్తా 40 అయినా ఎవరూ పట్టించుకోరు.

వీటిని ఫెర్మీ ప్రశ్నలంటారు. 1945 జులై 16న మొదటి అణుబాంబు పరీక్షలో భౌతిక శాస్త్రవేత్త ఎన్రికో ఫెర్మీ కాగితం ముక్కలు వదిలి, పేలుడు గాలికి అవి ఎంత దూరం జరిగాయో చూసి బాంబు శక్తి 10 వేల టన్నుల టీఎన్‌టీ (ఒక పేలుడు పదార్థం)తో సమానమని అంచనా వేశారు. అసలు లెక్క దానికి రెండింతల పైమాటే, అయినా ఆ అంచనాని ఇప్పటికీ మెచ్చుకుంటారు. రోజూ బస్సులో వెళ్తూ ఒక లెక్క వేసుకోండి: ఊరి ట్యాంకు నిండడానికి ఎంతసేపు, ఇంటిపైన సోలార్ పెడితే ఎన్ని యూనిట్లు, ఇలా.

ప్రశ్న: మ్యాన్‌హోల్ మూత గుండ్రంగా ఎందుకుంటుంది లాంటి పజిల్స్ బట్టీ పడితే సరిపోతుందా?
— ఒక పాఠకురాలు, పలమనేరు

జవాబు: సరిపోదమ్మా. ఇలాంటి పజిల్స్ వల్ల మనిషి పనితనం ఏమీ తెలియదని గూగుల్‌లో నియామకాలు చూసిన లాజ్లో బాక్ 2013లోనే చెప్పారు. గుండ్రటి మూత ఎటు తిప్పినా వెడల్పు ఒకటే, అందుకే లోపల పడదు అంటారు మీరు, "మరి చదరపు మూతలు కూడా ఉన్నాయిగా?" అనగానే బట్టీ అయిపోతుంది. తెలిసిన పజిల్ అడిగితే "ఇది ముందే చదివాను సార్" అనేయండి, ఇంకోటి ఇస్తారు.