డ్రోన్ సంగతి తర్వాత, ముందు గనిలో బండలు తీసేవాళ్ల పక్కన కూర్చోండి

కార్బనేట్ రాళ్లు (సున్నపురాయి లాంటివి) పైకి తేలిన చోట్లను చూసి, భూమి లోపలి చమురు రిజర్వాయర్, అంటే నూనె నిల్వ ఉండే రాతిపొర, ఎలా ఉంటుందో అంచనా కడతారు కదా, ఆ అధ్యయనాలు ఇకముందు బాగుపడాలంటే ఏం చేయాలని అడిగారు. నన్నడిగితే, నూనె పారడానికి దారి ఇచ్చే నెర్రెలు లెక్కబెట్టే ముందు ఏ నెర్రె ఎప్పటిదో తేల్చుకోవాలి. సగం పేపర్లు ఇక్కడే బోల్తా కొడుతున్నాయి.

నేను తిరుపతిలో ఎమ్మెస్సీ జియాలజీ చదివాను, రాళ్ల పని మాత్రం కడప వైపు చేశాను. ఆ మాట అనగానే "పక్కనే కొండ పెట్టుకుని కడపకెందుకు పోయినావు?" అంటారు. తిరుమల కొండ సున్నపురాయి కాదు సామీ, క్వార్ట్‌జైట్, అంటే గట్టిపడిన ఇసుకరాయి. పైగా ఘాట్ రోడ్డులో గ్రానైట్ మీద ఆ పొరలు కూర్చున్న చోటు జాతీయ స్మారకం, అక్కడ సుత్తి బయటికి తీయకూడదు. సున్నపురాయి కావాలంటే ఎర్రగుంట్ల వైపు నార్జి రాళ్ల దగ్గరికి పోవాల్సిందే. మన ఇళ్లలో పరిచే నాపరాయి అదే. పోయేటప్పుడు బస్సులో నా సంచిలోని ఆసిడ్ సీసా (సున్నపురాయో కాదో చుక్క వేసి చూడ్డానికి) మూత ఊడి నోట్‌బుక్ సగం కాలింది. కండక్టర్ తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.

నాపరాయి గనిలో పది మీటర్ల టేపు పరిచి, దాన్ని దాటే నెర్రెలన్నీ రాసుకున్నాను. మొత్తం 47. పక్కన బీడీ తాగుతున్న పెద్దాయన చాలాసేపు చూసి, "అన్నీ ఒకే లెక్కలో రాస్తాండావా అబ్బయా?" అన్నాడు. లేచొచ్చి ఒక్కోదాని మీద వేలు పెట్టాడు. "ఇది పైన మన్ను తీసినాక నోరు తెరిచింది. ఇది మా సమ్మెట దెబ్బ. ఇదో, ఈ తెల్లగీత ఉండేది మాత్రం పాతది. దీనికాడ బండ ఇరిగిపోతాది, దుడ్లు రావు." తెల్లగీత అంటే కాల్సైట్ అనే తెల్లటి ఖనిజం నిండిన చీలిక. మళ్లీ లెక్కబెడితే అలాంటివి 11 తేలాయి.

తెల్లగీత ఉంటే పాతదని గుర్తు, అంతే. అందులో నూనె పారుతుందని కాదు, పూర్తిగా పూడిపోయి ఉండొచ్చు కూడా. నోరు తెరుచుకున్నవాటితో ఇంకా ప్రమాదం. చీలిక వెడల్పు రెండింతలైతే ప్రవాహం ఎనిమిదింతలు అవుతుంది. పైబరువు పోయి తెరుచుకున్న చీలికను కొలిచి ఆ వెడల్పునే మోడల్‌లో పెడితే, బావి తవ్వకముందే కాగితం మీద నూనె పొంగుతుంది! నా గైడ్‌కు ఇదంతా చెబితే "47 వెయ్, పెద్ద నంబర్ ఉంటే బాగుంటుంది" అన్నాడు. ఆయన పేరు చెప్పను. వేశాను, సిగ్గుపడుతూనే.

ఇప్పుడు చేసేవాళ్లు టేపు ఒక దిక్కుకే పరచొద్దు. టేపుకు సమాంతరంగా పోయే చీలికలు దానికి దొరకవు. ఎండకు పాడైన ముఖం వెనక చిన్న బోరు వేసి కోర్ (కడ్డీలాంటి రాతి ముక్క) తీస్తే ఇంకా మంచిది. డ్రోన్ ఫోటోలు అందంగానే ఉంటాయి, కాదనను. కానీ ఏది సమ్మెట దెబ్బో, ఏది పాత చీలికో డ్రోన్ చెప్పదు.

ఇంకోటి. నార్జి రాయిని ముంబై దగ్గరి సముద్రంలోని చమురు క్షేత్రం బాంబే హైకి నమూనా అనేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మంట. అక్కడివి మయోసీన్ కాలపు (సుమారు రెండు కోట్ల ఏళ్ల నాటి) సున్నపురాళ్లు, గవ్వలూ పెంకులూ ఉన్న సముద్రంలో పేరుకున్నవి. మన కడప రాళ్లు అంతకంటే ఎన్నో రెట్లు పాతవి, వాటిలో ఆ పెంకులే లేవు. చీలికల తీరు నేర్చుకోవడానికి పనికొస్తాయి, నూనె నిలిచే రంధ్రాల లెక్కకు పనికిరావు.

వెళ్లేవాళ్లు మే నెలలో మాత్రం వెళ్లకండి. ఎర్రగుంట్ల ఎండకు రాయి కంటే ముందు మనం నెర్రెలిస్తాం.